నీళ్ళడిగితే తెలిసిపోతుంది
(ఒక మరచెంబు ఆత్మకథ)

నా మెడకు మరలున్నాయి. మూత పెట్టి మూడు చుట్లు బిగిస్తే రైలు ఎంత కుదిపినా చుక్క కారదు. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి పనివాళ్ళ చేతుల్లో పుట్టాను. బెజవాడ వన్‌టౌన్ దుకాణంలో కొని, పెళ్ళిసారెలో పెట్టి నన్ను ఎర్రుపాలెం తెచ్చారు. కాజీపేట-బెజవాడ లైను మీది ఊరు మాది. పాసింజరెక్కితే ఇటు మధిర, ఖమ్మం; అటు కొండపల్లి, బెజవాడ. మా పెద్దాయన ఎటు బయల్దేరినా ఆయన భార్య, మా ఇంటి నాయనమ్మ, నన్ను కడిగి, నిండా నీళ్ళు పట్టి చేతికిచ్చేది.

నీళ్ళు నేను మోస్తాను. అన్నం మాత్రం ఊరుగాని ఊళ్ళో వెతుక్కోవాలి. అది ఎప్పుడూ ఉన్న కష్టమే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి, పెద్ద పరివారాన్ని వెంటేసుకుని కూడా, ఏ మజిలీలో అంగళ్ళున్నాయో, ఎక్కడ నీళ్ళెలా ఉన్నాయో రాసుకుంటూ వెళ్ళారు. తర్వాత వచ్చేవాళ్ళకు ఆ రాతలే దారి చూపాయి. ఒంటరి బాటసారికి సత్రాలు, పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండి పెట్టేవారు. ఆ తల్లి పేరు అన్నం వడ్డించే చోటల్లా ఇప్పటికీ వినపడుతుంది.

మా పెద్దాయన తొలిసారి బెజవాడ వెళ్ళింది ఆడపిల్ల పెళ్ళికి బట్టలు కొనడానికి. మధ్యాహ్నం రెండయింది. ఒక కుర్రాడు ఎదురొచ్చి సంచి పట్టుకుని, "రండి బాబాయ్, భోజనం రెడీ" అంటూ లాక్కెళ్ళాడు. కూర్చోగానే పెద్దాయన నన్ను వాడి చేతికిచ్చి నీళ్ళడిగాడు. మూత లేని డ్రమ్ములో వేళ్ళు మునిగేదాకా గ్లాసు ముంచి, ఆ నీళ్ళే నాలో పోశాడు. పెద్దాయన చూశాడు. ఆకలి మీదున్నాడు, నోరు మెదపలేదు. రాత్రంతా కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. నా మెడలో చేరిన ఆ వాసన పోవడానికి నాయనమ్మ చింతపండు, బూడిద వేసి మూడు రోజులు తోమాల్సి వచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు పెద్దాయన మంచి హోటలెక్కడని ఎవరినీ అడగలేదు. మూటలు దించి చెమట తుడుచుకుంటున్న హమాలీ పక్కన కూర్చుని, "నువ్వు ఎక్కడ తింటావయ్యా?" అన్నాడు. తన కడుపు గురించి చెప్పేటప్పుడు ఎవరూ అబద్ధమాడరు. ఆ హమాలీ చూపించింది సందులో బోర్డు కూడా లేని మెస్సు. గుమ్మంలో ఒక పెద్దావిడ నన్ను అందుకుంది. రెండుసార్లు తొలిచి పారబోసింది. తెల్లటి గుడ్డ అడ్డుపెట్టి, మెడదాకా నింపి, మూత బిగించి, కారుతుందేమోనని వంచి చూసి మరీ ఇచ్చింది. ఆ తర్వాత ఆకులో పొగలు కక్కే అన్నం, పప్పు, గోంగూర పచ్చడి. ఇంటికొచ్చి పెద్దాయన అన్న మాట నాకు గుర్తుంది: "నీళ్ళిచ్చిన చెయ్యేనే అన్నం పెట్టేది. నీళ్ళ దగ్గరే చూసుకోవాలి."

అప్పట్నుంచి అదే మా పద్ధతి. గాంధీనగర్‌లో 1942 నుంచి ఉన్న బాబాయ్ హోటల్లో పొద్దున్నే వెన్నపూస వేసిన ఇడ్లీ తిన్నాం. పిండి మిగలనంత మంది వచ్చే చోట నిలవ సరుకు భయం ఉండదు. అన్నమైతే వార్చిన వేళకే, పన్నెండున్నర లోపే తినాలి. చేతులు కడుక్కునే చోటు శుభ్రంగా ఉంటే లోపల వంటిల్లూ చాలావరకు అలాగే ఉంటుంది.

భద్రాచలం రాముడి కల్యాణానికి డోర్నకల్‌లో రైలు మారి వెళ్ళాం. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కణ్ణుంచి గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు. అడవి దారిలో బస్సు చెడిపోయింది. నాలో చుక్క నీరు లేదు. దగ్గర్లో కోయగూడెం కనిపిస్తే పెద్దాయన నన్ను పట్టుకుని వెళ్ళాడు. నీళ్ళడిగితే ఆ ఇంటావిడ కుండలోంచి సొరబుర్రతో తీసి పోసింది. ఆయన మొహం చూసి, అడక్కుండానే దోసిలి పట్టమని జొన్నజావ పోసింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చల్లని కుండనీళ్ళు గుడి మెట్లదాకా నాలోనే ఉన్నాయి.

తర్వాత ప్లాస్టిక్ సీసాలొచ్చాయి. నేను అటకెక్కాను. పెద్దాయన పోయాక చాన్నాళ్ళు దుమ్ములోనే ఉన్నాను. మొన్న మనవరాలికి హైదరాబాదులో ఉద్యోగమొస్తే, "తాతయ్య చెంబు నాకివ్వు నాయనమ్మా" అని నన్ను దించింది.

అమీర్‌పేటలో దిగిన మొదటి రోజు ఆ పిల్ల ఫోన్‌లో హోటళ్ళకిచ్చిన నక్షత్రాలు లెక్కపెట్టుకుంటూ గంట తిరిగింది. వేలమంది మెచ్చుకున్నది నిజమే కావచ్చు. ఇవాళ పొయ్యి మీద ఏముందో ఆ లెక్క చెప్పదు. చివరికి ఆటో ఆపుకుని చాయ్ తాగుతున్నాయన దగ్గరికెళ్ళి, "అన్నా, మీరు ఎక్కడ తింటారు?" అంది. ఆ మాట వినగానే నాకు పెద్దాయన గొంతు వినిపించినట్టయింది.

హాస్టళ్ళ వెనక సందులో చిన్న మెస్సు. నీళ్ళడిగితే అక్కడి అక్క నన్ను తీసుకుంది. రెండుసార్లు తొలిచి పారబోసింది. మెడదాకా నింపింది. మూత బిగించి, వంచి చూసింది.

మా పిల్ల పీట లాక్కుని కూర్చుంది. తిన్నాక ఫోన్ తీసి, ఆ సందు పేరు, అన్నం వేడిగా దొరికే వేళ, నీళ్ళు ఎలా ఇస్తారో, అన్నీ రాసి ఎర్రుపాలెం నుంచి వచ్చే నెల రాబోతున్న స్నేహితురాలికి పంపింది. ఊరు తెలియని మరో పిల్ల ఆ గుమ్మంలో నిలబడి ధైర్యంగా నీళ్ళడుగుతుంది.