గాలనుకో నత్త

సముద్రం జనగామ దాకా వచ్చేసింది. ఇక తరిగొప్పుల ఎంత దూరం! వాస్తు చేపల ముచ్చట పాతబడింది, ఇప్పుడంతా రీఫ్ ట్యాంకే, ఉప్పునీళ్ల పగడాల తొట్టి. 200 లీటర్ల తొట్టికి 7 కిలోల ఉప్పు. నీళ్లు వేడెక్కకుండా చిల్లరు. ఇంట్లో ముసలమ్మ విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంటుంది, చేపకు మాత్రం 25 డిగ్రీలు దాటొద్దు. సరే, ఎవరి కరెంటు బిల్లు వాళ్లది. నాకు కాలింది అక్కడ కాదు. క్లీనప్ క్రూ అని తొట్టి సాఫ్ చేయడానికి అమ్మే ప్రాణుల దగ్గర.

హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి లెక్క చదివాడు. "గాలనుకో నత్త మామా. మనది 53 గాలన్ల తొట్టి. 53 నత్తలు, 15 హెర్మిట్ పీతలు, రెండు రొయ్యలు. తొట్టి దానంతటదే సాఫ్ అయితది."

గాలనుకో నత్త! ఎకరానికి ఇన్ని కిలోల విత్తనమని విన్నాం, లగ్గానికి మనిషికి ఇంత మటనని విన్నాం. ఈ లెక్క కట్టినవాడెవడా అని ఆరా తీస్తే, నత్తలమ్మేవాడే. పాచి ఎంత పట్టిందో అడగడు, చేపలెన్ని ఉన్నాయో అడగడు, నీళ్లెన్నో అడుగుతాడు. ఇంట్లో దుమ్ముందో లేదో చూడకుండా, గజానికో చీపురు అమ్మినట్టు.

53 నత్తలు దిగాక పాచి ఎన్నాళ్లుంటుంది? గాజు తళతళ మెరిసింది, నత్తలకు ఆకలి మొదలైంది. ఇప్పుడు ఎండబెట్టిన నాచు ప్యాకెట్లో కొని, రబ్బరు బ్యాండుతో రాయికి కట్టి తినిపిస్తున్నాడు. పాచి తినడానికి తెచ్చిన నత్తకు పాచి కొనిపెట్టడం! పెట్టకపోతే చస్తుంది. చచ్చింది కుళ్లితే అమ్మోనియా, అది నైట్రేటయి మళ్లీ పాచి. మళ్లీ నత్తలు, మళ్లీ గాలన్ల లెక్క.

పైగా వాటిలో కొన్ని వెల్లకిలా పడితే తమంతట తాము తిరగలేవు, అట్లాగే చస్తాయి. పొద్దున లేవగానే చూసి బోర్లా తిప్పాలి. పుట్టిన కాడి నుంచి తన దుప్పటి తాను మడతపెట్టని పిల్లగాడు, రోజూ ఆరింటికి లేచి నత్తలు తిప్పుతున్నాడు. మా అక్క మురిసిపోతోంది.

హెర్మిట్ అంటే సన్యాసట. ఈ సన్యాసి తన గుల్ల ఇరుకైతే పక్క నత్తను చంపి దాని ఇంట్లో దూరతాడు. తన పేర పట్టా చేయించుకోవడమొక్కటే తక్కువ.

ఇసుక ఊడ్చే సముద్ర దోసకాయ కూడా అమ్మేవాడి జాబితాలో ఉంది. అది 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, పులి పక్కన ఉన్న జీవి.

అసలు పాచి ఎందుకొస్తుంది? చేప తినేదానికి మూడింతల మేత చల్లి, పొద్దుందాకా లైటు వేసి ఉంచితే వస్తుంది. వారానికోసారి బకెట్టు నీళ్లు తోడి మార్చి, గాజు గీకితే పోతుంది. ఆ కాసేపు మోచేయి తడవడానికి మనసొప్పదు. మనం చేసిన మురికి తినడానికి ఎక్కడో రాళ్ల మీద బతుకుతున్న ప్రాణిని కొని తేవాలి, అది చచ్చేదాకా వాడాలి. సిగ్గుండాలి.

చావని దాని సంగతి ఇంకా ఘోరం. మా మేనల్లుడి పాత మంచినీళ్ల తొట్టిలో సక్కర్ ఫిష్ ఉండేది. అదీ ఇట్లాగే, "ట్యాంక్ క్లీనర్" అని అమ్మిన వేలెడు పిల్ల. దక్షిణ అమెరికా నదుల చేప. పెరిగితే అడుగున్నర దాటుతుంది. పెద్దదయ్యాక పాచి నాకేది తక్కువ, పెంట పెట్టేది ఎక్కువ. అప్పుడు మన పుణ్యాత్ములు దాన్ని చంపకుండా తెచ్చి చెరువులో వదులుతారు. జీవకారుణ్యం!

మా దగ్గర వలేసే తాతను అడగండి ఆ కారుణ్యం సంగతి. ఒంటినిండా ఎముక పలకలు, రెక్కలకు ముళ్లు. పోయినేడు ఒక్కటి పడితే వలలో జానెడు చిల్లి, కుట్టుకోవడానికి ఆయనకు పూట పట్టింది. కొనేవాడు లేడు, తినేవాడు లేడు. గట్టు మీద పారేస్తే మధ్యాహ్నం దాకా మొప్పలు కదుపుతూనే ఉంది, గాలి మింగి బతుకుతుంది మరి. "ఇది చేపనా, దయ్యమా?" అన్నాడు. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. కాకతీయుల నాటి నుంచి చెరువు కట్టలను నమ్ముకుని బతికే నేల ఇది. 2015లో మిషన్ కాకతీయ అని పూడిక తీశాం, మరుసటేడు నుంచి సర్కారు ఉచితంగా చేపపిల్లలు వదిలింది. ఆ బొచ్చె, రవ్వు పిల్లల నడుమకు హైదరాబాద్ అపార్టుమెంటు మురికి మోసిన జీతగాణ్ని తెచ్చి వదిలారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెరువు నీళ్లలో డీఎన్ఏ జాడలు పట్టి తూర్పు కనుమల పొడుగునా ఈ చేపను వెతకాల్సి వచ్చింది. అమ్మినవాడు మాత్రం ఇప్పుడు నత్తల్లో ఉన్నాడు.

నిన్న సాయంత్రం మేనల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. ఉప్పునీళ్లలో ఆ పాత చేప బతకదట, బకెట్లో పెట్టాడట, తోకకు చోటు చాలడం లేదట. "మామా, మీ చెరువుల నీళ్లున్నయా?" అన్నాడు.

మత్తడి దుంకుతోంది. కట్ట మీద నిలబడే ఉన్నాను. ఎండిపోయిందని చెప్పాను.