ఫొటో సైజు నిర్ణయాధికారి గారికి విన్నపం

మహారాజశ్రీ ఆన్‌లైన్ దరఖాస్తుల ఫొటో సైజు నిర్ణయాధికారి వారి దివ్యసముఖమునకు,

నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్న అభ్యర్థులు, వాళ్ల అప్లికేషన్లు నింపే నెట్ సెంటర్ల వాళ్లు విన్నవించుకొనునది. ఫొటో 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ. సంతకం 140×60 పిక్సెల్స్, 10 నుంచి 20 కేబీ. బ్యాంకు పరీక్షల ప్రకటనల్లో ఏళ్ల తరబడి కనిపిస్తున్న ఈ అంకెలు అభ్యర్థులకు చక్రవడ్డీ లెక్కల కన్నా బాగా కంఠతా వచ్చు.

పై పరిమితితో ఎవరికీ పేచీ లేదు. ఫోన్‌లో తీసిన ఫొటోలను లక్షల మంది ఉన్నవున్నట్టు పంపితే తమ సర్వరు ఏమైపోవాలి! తగ్గించడానికి సామగ్రికీ లోటు లేదు. 1996 నుంచి ఉన్న ఇర్ఫాన్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘బి’ మీట నొక్కితే బ్యాచ్ విండో తెరుచుకుంటుంది. వంద ఫొటోలు చేర్చి, కొలతలు ఒక్కసారి చెబితే అన్నీ జేపీజీలై వేరే ఫోల్డర్లో చేరతాయి. ఇమేజ్‌మ్యాజిక్‌లోనైతే మోగ్రిఫై అనే ఒక్క ఆదేశం చాలు. కాకపోతే అది అసలు ఫైళ్ల మీదే రాసేస్తుంది, కాపీ దాచుకోనివాడి పని గోవిందా.

ఈ జేపీజీ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెల్స్ గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన తేడాలను మొరటుగా రౌండు చేసేస్తుంది. దీని వెనకున్న లెక్క డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్‌. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు దాన్ని 1974లో ప్రచురించారు. అంతకు ముందు 1972లో అహ్మద్ ఈ పరిశోధనకు డబ్బడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందట! దరఖాస్తులు తిప్పికొట్టడం తమరితోనే మొదలు కాలేదన్నమాట.

చిక్కంతా కింది పరిమితితోనే. తమరు మెచ్చే కొలతలో సంతకానికి ఉండేవి 8,400 పిక్సెల్స్. నలుపు తెలుపుల్లో పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున, ఏమాత్రం కుదించకుండా రాసినా 8,400 బైట్లే. తమరడిగే కనీసం 10 కేబీ, అంటే 10,240 బైట్లు. కుదించిన సంతకం కుదించనిదానికన్నా బరువుండాలట! పల్చటి గీత, చుట్టూ తెల్లకాగితం. సాఫ్ట్‌వేర్ తన పని తాను సక్రమంగా చేస్తే పోర్టల్ ఎర్ర అక్షరాలతో కసురుకుంటుంది. అప్పుడు ఆపరేటరు నాణ్యతను 100కు పెంచి, అదీ చాలకపోతే కాగితం మీది పీచూ మరకలూ పడేలా మళ్లీ స్కాన్ చేసి బరువు పెంచుతాడు. ఇక బ్యాచ్ మాటెక్కడిది? ఒక్కో సంతకాన్నీ విడిగా బతిమాలుకోవాల్సిందే.

కంప్యూటర్ లేనివాళ్లు ఈ సైజు మార్పు కోసం ఫోన్‌లో వెతికి, ఊరూ పేరూ తెలియని సైట్లకు ముఖం, సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర కూడా అప్పగించి వస్తున్నారు. రేపు అకౌంట్ల భద్రత చూడాల్సినవాళ్లు వీళ్లే.

కాబట్టి ఫొటో ఎంతున్నా పుచ్చుకుని, ఆ ఒక్క ఆదేశమేదో తమ సర్వరులోనే నడిపించ ప్రార్థన. బ్రౌజర్‌లోనైనా సరే. బొమ్మను ఎక్కడికీ పంపకుండా పేజీలోనే కుదించవచ్చని గూగుల్ వాళ్ల స్కూష్ అనే వెబ్ యాప్ 2018లోనే చూపించింది. ఇదంతా తలకు మించిన పనైతే, కనీసం ఆ 10 కేబీ షరతైనా కొట్టేయగలరు.

ఇట్లు,
తమ విధేయులు

జతపరచినది: సంతకం – 1 (9 కేబీ. తిరస్కరించవద్దని మనవి.)