ఒక్క లాక్ ధీమా

నా డ్రైవర్‌లో ఉన్నది ఒకే ఒక్క మ్యూటెక్స్. వరస తప్పాలంటే కనీసం రెండు లాక్‌లుండాలి కదా! అందుకే, లాక్‌ల మధ్య వలయం ఏర్పడే అవకాశం ఉందని లైనక్స్ కెర్నల్‌లోని లాక్‌డెప్ లాగ్ నిండా రాసినప్పుడు నవ్వుకున్నాను. మెషిన్ నిక్షేపంగా నడుస్తోంది. పైగా ఆ ఫిర్యాదు ఒక్కసారే వచ్చింది. నిజంగా తప్పుంటే మళ్లీ మళ్లీ రావద్దూ? మొదటి ఫిర్యాదు రాయగానే లాక్‌డెప్ పని చాలిస్తుందనీ, రీబూట్ చేసేదాకా నోరెత్తదనీ తెలుసుకునే ఓపిక లేకపోయింది.

ఇంగో మోల్నార్ రాసిన ఈ పనిముట్టు 2006లో, 2.6.18తో కెర్నల్‌లోకి వచ్చింది. లాక్‌లను విడివిడిగా కాక తరగతులుగా చూస్తుంది. ఒక దారిలో క తర్వాత గ, ఇంకెప్పుడో మరో దారిలో గ తర్వాత క పట్టుకుంటే చాలు, ఇరుక్కునేదాకా ఆగకుండా చెప్పేస్తుంది.

రీబూట్ చేసినప్పుడల్లా అదే గోల. విసుగొచ్చి, ఎంమ్యాప్ దారిలో మామూలు మ్యూటెక్స్ లాక్ తీసేసి నెస్టెడ్ రకం పెట్టాను. డైరెక్టరీ, దాని లోపలి ఫైలు లాంటి తల్లీపిల్లల లాక్‌లను వేరుచేసి చూపడానికున్న వెసులుబాటు అది. నేనేమో ఒకే లాక్‌కి రెండు పేర్లు పెట్టి, ఇద్దరని నమ్మించాను. పైన గంభీరమైన కామెంట్ ఒకటి.

లాక్‌డెప్ ఊరుకుంది. లాక్ ఊరుకోలేదు. ఒక మల్టీథ్రెడ్ ప్రోగ్రామ్‌లో మొదటి థ్రెడ్ ఐఆక్టిల్‌లో నా లాక్ పట్టుకుని యూజర్ బఫర్‌లోకి కాపీ చేస్తోంది. ఆ పేజీ మెమరీలో లేదు. తేవాలంటే ఆ ప్రాసెస్ ఎంమ్యాప్ లాక్ కావాలి. దాన్ని పట్టుకున్న రెండో థ్రెడ్ నా ఎంమ్యాప్ ఫంక్షన్‌లో నా లాక్ కోసం నిలబడి ఉంది. అదీ ఆ రెండో లాక్: నన్ను పిలవకముందే కెర్నల్ పట్టుకున్నది.

120 సెకన్ల తర్వాత హంగ్ టాస్క్ హెచ్చరిక వచ్చింది. కిల్ మైనస్ తొమ్మిదికీ చావలేదు. సంగతేమిటో చూద్దామని పీఎస్ కొడితే అదీ బిగుసుకుపోయింది. ఆ ప్రాసెస్ కమాండ్ లైన్ చదవడానికి దానికీ అదే లాక్ కావాలి మరి.

పేజీ మెమరీలో ఉన్నా సరే, ఇక్కడ ఫాల్ట్ రావచ్చని కాపీ ఫంక్షనే లాక్‌డెప్‌కి ముందుగా చెప్పి ఉంచుతుంది. అందుకే ఏదీ ఆగకముందే పట్టేసింది. నేను నవ్వుకున్న ఆ ఫిర్యాదులో రెండు లాక్‌ల పేర్లూ, రెండు దారులూ ఉన్నాయి.

డేటాను లాక్ కింద కెర్నల్ బఫర్‌లోకి తీసుకుని, లాక్ వదిలాక యూజర్‌కి కాపీ చేస్తే సరిపోయింది. నాలుగైదు లైన్ల మార్పు. నెస్టెడ్‌నూ ఆ గంభీరమైన కామెంట్‌నూ ఎందుకు తీసేస్తున్నానో కమిట్ సందేశంలో రాయడానికే ఎక్కువసేపు పట్టింది.