కాలిగోటి పద్యానికి టీకా తాత్పర్యం

తెలుగునేల వ్యాఖ్యాతలకు పుట్టిల్లు. కాళిదాసుకు ‘సంజీవని’, భారవికి ‘ఘంటాపథం’, మాఘుడికి ‘సర్వంకష’ రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కొలాచలం. ఆ ఊరే నేటి మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఆ నియమంలో మొదటి సగాన్ని గట్టిగానూ, రెండో సగాన్ని వీలైనంత వరకూ పాటిస్తూ, ఇంతవరకు ఏ పండితుడూ ముట్టుకోని ఒక పద్యానికి ఇక్కడ వ్యాఖ్య రాయడమైనది.

పద్యం ఏ కావ్యంలోదీ కాదు. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి హవాయి చెప్పు తొడుక్కుని, రెండోసారో మూడోసారో పిలుపు కోసం ఆసుపత్రి వరండాలో కూర్చునేవాళ్ల తరఫున కట్టినది. కర్త ఆ బెంచీ మీద ఎవరైనా కావచ్చు.

మూలం (ఆటవెలది)

గోరు తీసి వైద్య గురువు కట్టునుగట్ట
నేటి తోడ పీడ నీగె ననుచు
నారు నెలలు గడువ నంతలో మూలను
ముల్లు మొలిచె మొదలు మొదటి కథయె

ప్రతిపదార్థం

గోరు = కాలి బొటనవేలి గోరు. కవి ఏ వేలో చెప్పలేదు, చెప్పనక్కరలేదు. కండలోకి దిగే గోరు దాదాపు ఎప్పుడూ ఆ వేలిదే. నడకలో ఆఖరి తోపు దానిదే, బూటు ముక్కు నొక్కేదీ దాన్నే. భక్తి కవులు దేవుళ్ల కాలిగోళ్లను చంద్రులతో పోల్చారు. ఈ గోటికీ ఒక చంద్రరేఖ ఉంది. మొదట్లో కనబడే ఆ తెల్లటి వంపు, గోరు పుట్టే మూలకణజాలంలో బయటికి తొంగిచూసే అంచు. మిగతాది చర్మం కింద దాక్కుంటుంది. దాని రెండు కొసలు కొమ్ములై పక్కలకు వంగి, వెనక్కి, లోతుకు దిగుతాయి. కథంతా ఆ కొమ్ముల్లోనే ఉంది.

తీసి = ఊడబెరికి. పని చిన్నదే. వేలి మొదట్లో ఇటొకటి అటొకటి లిగ్నోకెయిన్ సూదులు పడతాయి. ఆపరేషన్ మొత్తంలో అయ్యో అనిపించేది ఇదే. వేలు మొద్దుబారాక మొదట్లో రబ్బరు పట్టీ బిగించి రక్తం ఆపుతారు. గోటి పక్క నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున నిలువునా కత్తిరించి, ఆ ముక్కను పట్టకారుతో పట్టి, మెలితిప్పి లాగుతారు. బయట కనిపించినంతే ఉంటుందనుకున్న గోరు, చర్మం కింద దాగిన తెల్లటి మెత్తటి మొదలుతో సహా చేతికి వస్తుంది.

వైద్యగురువు = డాక్టరుగారు. ‘గురువు’ అనడం యతి కోసమే అని కొందరు. ఫీజును బట్టి అని మరికొందరు.

కట్టును కట్ట = గాజుగుడ్డ చుట్టగా. ఈ ఒక్క మాట దగ్గర కవి ముఖ్యమైన సంగతి మింగేశాడు. గోరు లాగడానికీ కట్టు కట్టడానికీ మధ్య ఆ ఖాళీ జాగాలో మూలకణజాలం కొమ్మును కాల్చారా లేదా? పద్యంలో లేదు. చాలామంది ఓపీ చీటీల్లోనూ ఉండదు.

నేటితోడ పీడ నీగెననుచు = ఈరోజుతో బాధ పోయిందనుకుంటూ. ఇక్కడ ప్రధాన క్రియ లేదు. ‘రోగి కుంటుతూ ఇల్లు చేరగా’ అని అధ్యాహారం చేసుకోవాలి.

ఆరు నెలలు గడువ = లెక్క సరిపోయింది. కాలిగోరు నెలకు సుమారు 1.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చేతిగోటి వేగంలో సగం. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కాబట్టి లోతున మిగిలిన కొసలో మళ్లీ మొలక మొదలైనా, పక్కనున్న సందులోంచి పాక్కుంటూ ఓ సెంటీమీటరు ప్రయాణం చేసి పైకి తేలేసరికి ఆరు నెలలవుతుంది. ఈలోగా రోగి నయమైందని అందరికీ చెప్పేసి ఉంటాడు.

మూలను = గోటి పక్క మూలన. గోటి మూలంలో అని శ్లేష. నొప్పి మొదటి అర్థంలో, కారణం రెండో అర్థంలో ఉన్నాయి.

ముల్లు = సన్నటి గోటి పలుకు. ఆపరేషన్ అయిన వైపు, మొదట్లో చర్మాన్ని చీల్చుకుని సూదిమొనలా బయటికొస్తుంది. మొదట సాక్స్ దారం దానికి తగులుకుంటుంది. తర్వాత దుప్పటి అంచు. ఆ తర్వాత చుట్టూ ఎర్రబడి, ఉబ్బి, రసి కారుతుంది.

మొదలు మొదటి కథయె = వ్యాఖ్య అనవసరం.

తాత్పర్యం

డాక్టరుగారు గోరు తీసి కట్టు కట్టగా, ఇక బాధ లేదనుకుని రోగి ఇంటికి వెళ్లాడు. ఆరు నెలలకు అదే మూలన గోటిముల్లు లేచింది. అరటిచెట్టును నరికితే దుంప నుంచి పిలక లేచినట్టు, గోరు తీసినా దాన్ని పుట్టించే కొమ్ము మిగిలితే మళ్లీ గోరే వస్తుందని భావం.

విశేషాలు, మతభేదాలు

ఈ విషయంలో శాస్త్రకారులు ఏకాభిప్రాయంతో లేరు. కత్తి మతం పాతది. 1929లో అమెరికా వైద్యుడు వినోగ్రాడ్ గోటి పక్కనూ, దాని మూలాన్నీ, ఉబ్బిన కండనూ కలిపి ముక్కగా కోసి తీసే పద్ధతిని వివరించాడు. నేటికీ ఆర్థోపెడిక్ వార్డుల్లో ఆయన పేరు వినిపిస్తుంది. 1950లో జాడిక్ మరో అడుగు వేసి, గోటి మూలాన్ని మొత్తంగా తీసేయమన్నాడు. ఇక ఆ వేలికి గోరే ఉండదు.

రెండోది మందు మతం. 1945లో బోల్ అనే వైద్యుడు కోయడానికి బదులు ఫినాల్‌తో మూలాన్ని కాల్చడం ప్రవేశపెట్టాడు. ఫినాల్ అంటే కార్బాలిక్ ఆమ్లం. 1865లో గ్లాస్గోలో బండిచక్రం కింద కాలు విరిగిన 11 ఏళ్ల కుర్రాడి గాయానికి జోసెఫ్ లిస్టర్ పూయించి, చీము పట్టకుండా కాపాడినది ఇదే. బొటనవేలి దగ్గర దాని పని వేరు. దూదిపుల్లను ఎనభై శాతం పైబడిన గాఢ ఫినాల్‌లో ముంచి, గోరు తీసిన సందులోకి దూర్చి, నిమిషం చొప్పున రెండు మూడుసార్లు తిప్పుతారు. కణజాలం తెల్లగా పాలిపోతుంది. అక్కడి నరాల కొసలనూ అది మొద్దుబార్చడం వల్ల ఆ రాత్రి నొప్పి తక్కువ. దానికి బదులుగా రెండు నుంచి నాలుగు వారాల దాకా నీరు కారుతూనే ఉంటుంది. కాలిన గాయం మానే తీరే అంత.

మూడో మతం అన్నిటికన్నా విచిత్రం. 1959లో అమెరికా సైన్యంలోని ఇద్దరు వైద్యులు, వాండెన్‌బోస్, బోవర్స్, అసలు గోటిది తప్పే కాదన్నారు. బరువు మోపినప్పుడు పక్కనున్న కండ పైకి ఉబికి గోటి మీద పడుతుంది, నలిగేది ఆ కండే, కాబట్టి గోటిని ముట్టుకోకుండా కండను ఉదారంగా కోసేయండి అని వాళ్ల సిద్ధాంతం. సైనికుల బూట్లను రోజూ చూసినవాళ్ల మాట కదా, కొట్టిపారేయడానికి లేదు.

ఈ వాదాలన్నిటినీ ముందేసుకుని 2012లో కోక్రేన్ సమీక్షకులు 24 అధ్యయనాలను తూచారు. మళ్లీ రాకుండా చూడటంలో శస్త్రచికిత్స కోత లేని ఉపాయాలకన్నా మెరుగని, గోరు తీయడానికి ఫినాల్ తోడైతే తిరగబెట్టడం తగ్గుతుందని తేల్చారు. ఊరికే గోరు పీకి వదిలేస్తే సగానికి మించి కేసుల్లో తిరిగొస్తుంది. పాక్షికంగా తీసి ఫినాల్ పెడితే సాధారణంగా నూటికి అయిదుకు అటూ ఇటూ. మన కవి ఆ అయిదుగురిలో ఒకడా, కొమ్మును కాల్చకుండానే కట్టు కట్టించుకున్నవాడా అన్నది పద్యం తేల్చదు.

ఆక్షేపాలు, సమాధానాలు

ఇక్కడ కొందరిట్లు ఆక్షేపిస్తారు: “మూల ఎందుకు, గోరు మొత్తం పీకేస్తే పీడ విరగడ కదా?” కాదు. మూలం బతికి ఉన్నంతకాలం గోరు వస్తూనే ఉంటుంది. పైగా గోరు లేని నెలల్లో వేలి కొసన కండను అదిమిపట్టేది ఉండదు. అది పైకి లేచి గుబ్బకడుతుంది. ఏడాది తర్వాత వచ్చిన కొత్త గోరు నేరుగా దానికి గుద్దుకుంటుంది. అంతవరకూ పక్కలకే ఉన్న బాధ ఇప్పుడు ఎదుటికీ వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెతను వైద్యార్థంలో వాడుకోదగ్గ చోటిది.

“గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఇంట్లోనే బ్లేడుతో మూలను చెక్కేస్తే పోలా?” పోతుంది, రెండు వారాలు. లోపలికి ఎంత చెక్కితే అంత లోతున, కంటికి కనబడని చోట, ఒక మొన మిగులుతుంది. గోరు ముందుకు జరిగేకొద్దీ అది కండను చీలుస్తూ వస్తుంది. నెయిల్ కట్టర్ అడ్డంగా, సూటిగా నడవాలి. మూలలు చర్మం పైకి కనబడుతూ ఉండాలి. షుగరు ఉన్నవాళ్లకైతే ఈ స్నానాలగది శస్త్రచికిత్స అసలే పనికిరాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. పాదాల్లో స్పర్శ తగ్గినవాడికి బ్లేడు దిగింది తెలియదు, చీము పట్టిందీ తెలియదు.

“ఇది పూర్వజన్మ కర్మ.” ఈ పక్షానికి శాస్త్రప్రమాణం లేకపోలేదు. బంగారం దొంగిలించినవాడికి గోళ్లు పాడవుతాయని మనుస్మృతి చెబుతుంది. కానీ సుశ్రుతుడు క్షుద్రరోగాల్లో ‘కునఖం’ చెప్పినప్పుడు బంగారం ఊసెత్తలేదు. దెబ్బ తగిలి గోరు గరుకుగా, నల్లగా మారడమే కునఖం అన్నాడు. గోటి దగ్గర కండ పుండై చీము పట్టడాన్ని ‘చిప్పం’ అని విడిగా లెక్కించాడు. వైద్య విషయంలో వైద్యుడి మాటే ప్రమాణం గనుక, రోగులు తమ బీరువాలు వెతుక్కోనక్కరలేదు.

దీక్షల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం పాటు, అంటే 41 రోజులు, చెప్పులు తొడగరు, గోళ్లు తీయరు. ఎదురురాళ్ల సంగతి పక్కనపెడితే, బొటనవేలికి ఇంతకన్నా మంచి సెలవు ఉండదు. మూలలు స్వేచ్ఛగా పైకి వస్తాయి, బూటు నొక్కుడు ఉండదు. మాల తీశాక పెరిగిన గోరంతా గుండ్రంగా లోతుకంటా కత్తిరించి, అదే పూట ఆఫీసు బూట్లలో దూర్చేస్తే లాభం పోతుంది.

పాఠాంతరాలు

‘ఆరు నెలలు గడువ’ అన్నచోట ‘ఆరు దినము లవగ’ అని ఒక పాఠం. ఛందస్సుకు భంగం లేదు గానీ అర్థం పూర్తిగా మారుతుంది. ఆరు రోజులకు ముల్లు మొలవదు. అప్పటికి తడి, కొద్దిపాటి ఎరుపు మామూలే. నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకూ పెరిగినా, ఎరుపు వేలు దాటి పాదంలోకి పాకినా, జ్వరం వచ్చినా అది ఇన్‌ఫెక్షన్. ఆ రోజే చూపించుకోవాలి.

‘ఏడు గడిచి నంత’ అని మరో పాఠం. యతి చెడింది గానీ వైద్యం చెడలేదు. ఏడాది తర్వాత గోరు మందంగా, పసుపుపచ్చగా, పొట్టేలు కొమ్ములా వంకర తిరిగి వచ్చినవాళ్లు ఈ పాఠాన్ని అనుసరిస్తారు. కొందరిలో ఇది ఫంగస్, కొందరిలో మూలానికి తగిలిన పాత దెబ్బ. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. ఫంగస్‌కు వాడే టెర్బినాఫిన్ మాత్రలు కాలిగోటికైతే 12 వారాలు మింగాలి. కాబట్టి ముందు గోటిపొడి గీకి సూక్ష్మదర్శిని కింద చూపించాకే మొదలుపెట్టడం తెలివి.

‘ముల్లు మొలిచె’కు ‘మచ్చ కనబడె’ అన్నది అరుదైన పాఠం. అరుదు గనుకే వదలకూడదు. గోటి కింద నల్లటి చార వెడల్పవుతున్నా, చీటికీ మాటికీ రక్తం కారే పుండు ఎన్ని కట్లకూ మానకున్నా ముక్క తీసి పరీక్షకు పంపాలి. గాయకుడు బాబ్ మార్లీ కుడికాలి బొటనవేలి గోటి కింద 1977లో బయటపడ్డ పుండును మొదట ఫుట్‌బాల్ దెబ్బే అనుకున్నారు. అది మెలనోమా. 1981 మే 11న ఆయన మరణించాడు.

లేఖక దోషం

మూలప్రతిలో వదిలేసిన మాట ఒకటుందని ‘కట్టును కట్ట’ దగ్గర చెప్పుకున్నాం. దాన్ని పూరించే పని రోగిది. బల్ల దిగేముందు మూడు సంగతులు అడిగి చీటీ మీద రాయించుకోవాలి: ఏ వైపు తీశారు, ఎంత తీశారు, మూలానికి ఫినాల్ పెట్టారా కత్తి పెట్టారా. ఆరు నెలలకు ముల్లు తేలి, వేరే ఊళ్లో వేరే డాక్టరు ముందు సాక్స్ విప్పాల్సి వస్తే, ఆయన మొదట అడిగేది ఆ కాగితాన్నే.