ఫ్లెక్సీ సూత్రానికి లఘుటీక

మూలం: ఇచ్చట ఆకర్షణీయమైన ఫ్లెక్సీలు ప్రింట్ చేయబడును. డిజైన్ ఉచితం.

అవతారిక: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో గ్రాఫిక్ డిజైన్ అనే విద్య యావత్తూ ఆధారపడిన ఈ సూత్రానికి ఇంతవరకు వ్యాఖ్య లేకపోవడం పండితుల అలసత్వం. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు, ఫ్లెక్సీకి మేమే గతి. ‘ఉచితం’ దగ్గర ఆగి క్షేమేంద్రుడి ఔచిత్య సిద్ధాంతాన్ని లాక్కురావడం మరీ సులువు గనక ఆ జోలికి పోము. ‘ఆకర్షణీయ’ పదం స్పష్టమే: వెనక సూర్యకిరణాలు, పేరు చుట్టూ మూడు రంగుల అంచు, అడుగున పాస్‌పోర్టు ఫోటోల బారు. విచారించవలసింది సూత్రకారుడు దాటవేసిన సంగతి. వత్తు గతేమిటి?

విశేషం: తెలుగు అక్షరం ఒక అంతస్తులో ఇమిడేది కాదు. పైన గుడి, నడుమ హల్లు, కింద వత్తు. ‘స్త్రీ’ వంటి చోట రెండు వత్తులు. తమిళ లిపికి ఈ కిందిల్లు లేదు, ఇంగ్లీషుకూ లేదు. కుప్పానికి ఒకవైపు తమిళనాడు, మరోవైపు కర్ణాటక. అక్కడ ఒకే బోర్డు మీద రెండు మూడు లిపులు ఇరుగుపొరుగుగా కూర్చోవలసి వస్తుంది. తమిళానికి చాలిన ఎడమే తెలుగు వరుసల మధ్యా ఉంచితే పై వరుస వత్తు కింది వరుస గుడిలోకి దిగబడుతుంది. కన్నడానిదీ ఇదే గోడు. ఇక పాఠభేదాలు. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ మాటను, మన లిపులకు తగిన సెట్టింగు పెట్టని ఫోటోషాప్‌లో అతికిస్తే వత్తు ఊడి పొల్లవుతుంది. ‘జన్‌మదిన శుభాకాంక్‌షలు’ అనే అపూర్వ పాఠం పుడుతుంది. షాపుల్లో వాడే ‘అను’ ఫాంట్ల సంకేతాలు వేరు, యూనికోడ్ వేరు. మార్చకుండా ఒకదాన్ని మరొకదాంట్లో పోస్తే అర్థం చెప్పడం మల్లినాథుడి తరం కూడా కాదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతో యూనికోడ్ ఫాంట్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. అష్టదిగ్గజాలలో ముగ్గురు చేతిలో ఉండగా ఒక్క పుట్టినరోజు శుభాకాంక్ష సరిగ్గా చెప్పలేకపోతున్నాం! ఫ్లెక్సీ మాట మరిచాము. మళ్లీ మూలానికి వద్దాం.

అన్వయం: ఫ్లెక్సీకి డబ్బు చదరపు అడుగు లెక్క. గుడ్డకు కొలత ఉంది, దాని మీద పెట్టిన బుద్ధికి లేదు. ధర లేని పనికి సమయం కేటాయించేవాడు ఉండడు. డిజైనర్ నిన్నటి ఫైలు తెరిచి, పేరు మార్చి, ఫోటో అతికించి మెషీన్‌కు పంపుతాడు. పొట్టితనానికే పేరుపడ్డ పుంగనూరు ఆవును కూడా బ్యానర్ ఎత్తుకు సరిపోయేలా నిలువునా సాగదీసి ఒంగోలు గిత్తను చేయగలడు. ఇది చేతకానితనం కాదు. గంటలో ఇచ్చేయాలన్న తొందర, ఆ గంటకు కూలి లేకపోవడం. ఇంత జరిగాక మూలన తన పేరూ ఫోన్ నంబరూ అందరికంటే స్పష్టంగా వేసుకుంటాడు, చూశారూ, అక్కడ మాత్రం ఒక్క వత్తూ ఊడదు!

పూర్వపక్షం: ‘అన్న ఫోటో పెద్దది చెయ్, అక్షరాలు ఎలా ఉంటే ఏం’ అనేవాడు గిరాకీ. వాడితో వాదిస్తే పక్క షాపుకు పోతాడు. పైగా మూడు రోజుల్లో చిరిగే గుడ్డకు ఇంత శాస్త్రమా? సమాధానం: ఫోటో పెద్దది చేయమన్నవాడు వత్తు కోయమనలేదు. వరుసల మధ్య కాస్త ఎడమిస్తే ఏ అన్నా నొచ్చుకోడు. సినిమా పోస్టరు కూడా గోడ మీద ఎక్కువ కాలం నిలిచేది కాదు. అయినా 1967లో ‘సాక్షి’ పోస్టర్లతో మొదలుపెట్టిన డిజైనర్ ఈశ్వర్ ఆ నాలుగు రోజుల కాగితాలతోనే పేరు నిలుపుకున్నాడు. ఆ సినిమా తీసిన బాపు రాతనైతే సంతకం లేకపోయినా తెలుగువాడు గుర్తుపడతాడు, అదిప్పుడు ఫాంటు కూడా అయింది. వాళ్లకు పేరు తెచ్చింది అక్షరం, మూలనున్న నంబరు కాదు.

తాత్పర్యం: డిజైనర్లారా, బిల్లులో ప్రింటింగు కింద డిజైన్‌కు వేరే వరుస గీసి, వంద రూపాయలైనా సరే, రాయండి. రాశాక ఆ వందకు తగ్గట్టు ఒక్కసారి ప్రూఫ్ చదవండి.