పక్కయింటి పెద్ద పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పిక్క పట్టెనేని బిళ్ళ మింగుమనుచు
పక్కయింటి పెద్ద పట్టుబట్టె
మేనిలోన లేదు మెగ్నీషియంబని
నాడి చూడకుండ నమ్మబలికె

ప్రతిపదార్థం: పిక్క పట్టెనేని = నడిరేయి పిక్క ముడిపడి, నిద్రించువాడు మంచము దిగి గోడ పట్టుకొని గెంతినచో; పక్కయింటి పెద్ద = రిటైరైన పక్కింటాయన (వైద్యుడు కాడు, వాట్సాప్ గలవాడు); బిళ్ళ = చీటీ లేకయే మందుల షాపున దొరకునది; మేనిలోన = సుమారు 25 గ్రాముల మెగ్నీషియమున్న పెద్దల దేహమున; లేదని = బొత్తిగా లేదని; నాడి చూడకుండ = స్పష్టము.

తాత్పర్యం: పిక్క పడితే మెగ్నీషియం బిళ్ళ వేసుకోవాలట.

విశేషాలు: "లేదు" అన్నది అతిశయోక్తి. ఆ 25 గ్రాముల్లో సగానికి పైగా ఎముకల్లో, మిగతాది చాలావరకు కండరాల్లో, ఇతర కణాల్లో ఉంటుంది. సీరంలో తేలేది నూటికి ఒక వంతు కూడా కాదు. కాబట్టి రక్తపరీక్షలో అంకె బాగున్నా లోపలి నిల్వ తెలియదు. నాడి చూడలేదని పెద్దాయన్ను మరీ నిందించలేం. పిక్క సంగతి వేరు. వైద్య ప్రయోగాలను సమీక్షించే కోక్రేన్ సంస్థవారు 2020లో ప్రయోగాలన్నీ జల్లించి, పెద్దవయసువారి పిక్కపట్టుకు ఈ బిళ్ళతో చెప్పుకోదగ్గ మేలు ఉండకపోవచ్చని తేల్చారు. మోతాదు మించితే మాత్రం కడుపు కదులుతుంది. మిల్క్ ఆఫ్ మెగ్నీషియాను విరేచనానికి వాడేది అందుకే.

కవి అసలు లోపం కంచం వైపు చూడకపోవడం. ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితం అణువు నడుమ కూర్చున్నది మెగ్నీషియమే; కనుక తోటకూర కట్ట కూడా మందుల షాపే. ధాన్యంలో అది ఎక్కువగా ఉండేది తవుడులో, మొలకలో. మనం మిల్లులో వాటిని గీయించి, అన్నం తెల్లగా ఉందని మురిసి, తవుడు గేదెకు పెడతాం. గేదెకు పిక్క పట్టినట్లు నేనే ప్రబంధంలోనూ చదవలేదు. గుమ్మడికాయ తరిగి గింజలు చెత్తబుట్టలో వేసేవారే, అవి సూపర్‌మార్కెట్ పొట్లంలో కనిపిస్తే ధర చూడకుండా కొంటారు.

శంక: అయితే బిళ్ళ ఎవరికీ వద్దా?

సమాధానం: ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగేవారికి, విరేచనాలు విడవనివారికి నిజంగానే మెగ్నీషియం తగ్గవచ్చు, అది డాక్టరు తేల్చాలి. రక్తపోటు పెరిగిన గర్భిణికి గుర్రపువాతం రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ సూదిదైతే తిరుగులేని ఘనత: ఆ ముప్పును సగానికి తగ్గిస్తుందని 2002లో ‘మాగ్‌పై’ అనే ప్రయోగం చూపింది. కిడ్నీ జబ్బున్నవారి ఎదుట మాత్రం ఈ పద్యం చదవరాదు. బయటికి పోవలసిన మెగ్నీషియం వారికి ఒంట్లోనే పేరుకుంటుంది.