నా ఇంకుకు నూనె తక్కువ

నేను మెత్తటి రబ్బరు రోలర్‌ని. ఉద్యోగం చేసింది పారిస్‌లో, స్టాన్లీ విలియం హేటర్ గారి ముద్రణ స్టూడియో అటెలియే 17లో. పక్క కొక్కేనికి వేలాడేవాడు మా అన్న, గట్టి రోలరు. ఇద్దరికీ పడదు. ఆ పడకపోవడమే మా జీవనాధారం.

చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్ మీదుగా ఇక్కడికొచ్చారు. అప్పట్లో బొమ్మ అచ్చువేయడానికి రంగు రంగుకీ ఒక లోహపు రేకు చెక్కడం రివాజు. కాగితం వెంట్రుకవాసి జరిగిందంటే బొమ్మ పాడైనట్టే. రెడ్డిగారు, తోటి కళాకారుడు కైకో మోతీ, హేటర్ గారు ఒక్క రేకుకే అన్ని రంగులూ పట్టించే దారి వెతికారు.

ముందు గాడుల్లో ఇంకు దట్టించి, పైపైన తుడుస్తారు. తర్వాత నూనె బాగా కలిపిన పల్చటి ఇంకుతో అన్న వస్తాడు. వంగడం తెలియనివాడు, మిట్టల్ని మాత్రమే తాకిపోతాడు. ఆ తర్వాత చిక్కటి ఇంకుతో నేను పల్లాల్లోకి దిగుతాను. అన్న తడిపిన చోట నా రంగు అంటదు, నూనె రాసిన తల మీద నీళ్లు పోసినట్టే. ఇక ప్రెస్సులోంచి ఒక్కసారి లాగితే చాలు.

ఈ గొప్పంతా నూనెదేనంటారు. నేనొప్పుకోను. రేకు చదునుగా ఉంటే నా మెత్తదనం ఎందుకు పనికొస్తుంది? రెడ్డిగారు శిల్పి జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చినవారు. యాసిడ్‌తో తినిపించి, ఉలితో తొలిచి, గీకి, రేకులో మెట్లుమెట్లుగా లోతులు తీసేవారు. 1963 నాటి ఆయన ముద్రణ ‘వర్ల్‌పూల్’లో నీటి బొమ్మ కోసం చూడకండి, తిరుగుడు చూడండి. 1968లో విద్యార్థులు పారిస్ వీధుల్లోకి వచ్చిన ఏడాది చేసిన ‘డిమాన్‌స్ట్రేటర్స్’లోనూ ముఖాలు వెతక్కండి, గుంపే ఆకారం.

రెడ్డిగారికి హేటర్ గారితో పాటు స్టూడియో బాధ్యత, 1972లో పద్మశ్రీ, 1976లో న్యూయార్క్ ప్రయాణం, అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు. 2018లో అక్కడే కన్నుమూశారు. నేను పారిస్‌లోనే ఉండిపోయాను.

కొత్తగా చేరినవాళ్లు నూనె ఎన్ని చుక్కలు వేయాలని అడుగుతుంటారు. చుక్కలు లెక్కపెడితే లాభం లేదు. ఇంకు డబ్బా డబ్బాకీ మారుతుంది, ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉంటుంది. కత్తితో ఎత్తి చూడాలి. ధారగా కారితే అన్నకి, బంకలా సాగి వేలాడితే నాకు.